నక్క అమ్మిన ఎర్ర తీగ

ఏటికోన అడవిలో, లోయకి ఇవతలి గట్టు మీద బతికే జంతువులకి ఒకటే భయం, నిప్పు. ఎండాకాలం వచ్చిందంటే అవతల గద్దకొండ వెనకాల ఎక్కడో రాజుకుంటుంది. కొండ అడ్డం కాబట్టి ఇవతలికి పొగ కూడా కనబడదు. గాలి ఇటు తిరిగిందా, మంట కొండ దిగి, లోయలో ఎండిన వెదురుని పట్టుకుని గట్టెక్కేస్తుంది. కొండ మీద ఉండే కొండముచ్చులు ముందే చూసి గొంతు చించుకునేవి. కానీ అంత లోయ దాటి అరుపెక్కడ వినబడుతుంది? పోనీ చుట్టూ తిరిగొచ్చి చెబుదామంటే ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది. దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగినట్టుండేది వ్యవహారం.

అలాంటి చోట జరీ సాలమ్మ తీగ వేసింది.

సాలమ్మ అంటే అరచెయ్యంత సాలీడు. ఆవిడ దారానిది ఉత్త పసుపు కాదు, అచ్చంగా జరీ రంగు. ఈ గట్టు మీద మద్ది చెట్టు నుంచి ఆ కొండ అంచున వేగిస చెట్టు దాకా, కిందికి చూస్తే కళ్ళు తిరిగే లోయ మీదుగా, ఒకే ఒక్క తీగ. పొద్దుటి ఎండ దాని మీద పడితే ఆకాశానికి ఎవరో అంచు కుట్టినట్టుండేది. మేతకి బయల్దేరిన జంతువులు మేత సంగతి మరిచి అక్కడే నిలబడిపోయేవి. చెబుతుంటే నాకే ఒళ్ళు జలదరిస్తోంది. ఒక పురుగు, తన కడుపులోంచి తీసిన దారంతో, గట్టునీ కొండనీ కలిపింది! మనం గోడ మూల చీపురు పెట్టి దులిపేస్తామే, ఆ జాతే.

అవతల కొండముచ్చు వేలితో మీటితే ఇవతల తీగ జుమ్మని పలికేది. సాగదీసి గట్టిగా మీటితే నిప్పు. గబగబా మీటితే పులి. ఆగి ఆగి మెల్లగా మీటితే అంతా క్షేమం. మద్ది చెట్టు దగ్గర్నుంచి ఒక్కో బొరియకీ ఒక్కో పొదకీ సాలమ్మే పిల్ల తీగ లాగి ఇచ్చింది. అందుకు బదులుగా జంతువులు రోజూ ఆవిడ వాకిట్లో ఇప్పపూలు పరవాలి. ఆ వాసనకి ఈగలు మూగితే ఆవిడకి భోజనం.

పని ఎంత గొప్పదో నోరు అంత చేదు. ఒకరోజు జింక పూలు తేవడం ఆలస్యమైతే దాని తీగ పుటుక్కున కొరికేసింది. "ఇష్టముంటే ఉండు, లేకపోతే అవతలికెళ్ళి నిప్పేదో నువ్వే చూసుకుని రా" అంది. జింక ఏడుస్తూ వెళ్ళిపోయింది. దాంతో మిగతావాళ్ళకి గుండెల్లో రాయి పడింది. రేపు మన వంతు వస్తే?

సరిగ్గా అప్పుడే దిగాడు గంగులు. గంగులు నక్క. మెడకి ఎర్రటి దారం చుట్టలు చుట్టుకుని, గట్టు మీద రాయెక్కి కూత పెట్టాడు.

"రండి బాబూ రండి! సాలమ్మ గుమ్మం తొక్కక్కర్లేదు! సాలమ్మ మాట పడక్కర్లేదు! మాది స్వతంత్ర తీగ!"

అడవిదున్న నిదానంగా వచ్చి దారాన్ని వాసన చూశాడు. వయసులో పెద్దవాడని అందరూ పెద్దయ్యా అంటారు. ఎవరేం చెప్పినా కాదనలేడు, అదే ఆయన గుణం.

"ఎర్రగా ఉందే?" అన్నాడు.

"మరి! ఆవిడది పసుపు, మాది ఎరుపు. రంగులోనే తెలిసిపోవట్లా పెద్దయ్యా?"

ముంగిస మంగి గుంపులోంచి ముందుకొచ్చింది. ఈనిన పచ్చి ఇంకా ఆరలేదు. ఎండుగడ్డి మధ్య పుట్ట బొరియలో దాని పిల్లలు ఇంకా కళ్ళు తెరవలేదు. నిప్పొస్తే పిల్లల్ని ఒక్కొక్కటిగా నోట కరుచుకుని ఏటి ఇసుకలోకి చేర్చాలి. ముందుగా కబురు అందితేనే అది జరిగే పని. లేకపోతే ఒకదాన్ని ఎత్తుకుని మిగతావాటిని వదిలేసి పరిగెత్తాల్సిందే. ఏ తల్లి ఎంచుకుంటుంది?

"అది సరే గానీ గంగులు బావా, ఆవిడ తీగకీ నీ తీగకీ తేడా ఏమిటి?"

"నక్కకీ నాగలోకానికీ ఉన్నంత!" అన్నాడు గంగులు, ఛాతీ మీద చెయ్యేసుకుని. "పైగా మా తీగ కట్టించుకున్న ప్రతివాళ్ళూ నా తోక తొక్కి వెళ్ళొచ్చు. నక్క తోక తొక్కితే అదృష్టమని లోకమే అంటోంది కదా, ఇంక నేను చెప్పేదేముంది?"

వరస కట్టేశారు. దున్న పెద్దయ్య తొక్కినప్పుడు గంగులుకి కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి, నవ్వు మాత్రం చెదరలేదు. వ్యాపారమంటే అదీ. మంగి కూడా తొక్కింది. కానీ పసుపు తీగ తీసేయలేదు. రెండూ బొరియ గుమ్మానికి కట్టుకుంది. ఒకటి పోతే ఒకటుంటుంది, పిల్లల తల్లిని, నాకు రెండూ కావాలి అనుకుంది. చాలామంది అలాగే చేశారు. ఇప్పపూలు సాలమ్మకీ గంగులుకీ కలిపి రెండింతలు మోశారు, రాత్రి నిశ్చింతగా పడుకున్నారు.

కొన్నాళ్ళకి ఏనుగుల మంద ఆ దారిన పోతూ, అందులో ఒకటి మద్ది చెట్టుకి వీపు గోక్కుంది. దాని మనసులో ఏ పాపమూ లేదు, దురద పుట్టింది, అంతే. చెట్టు ఊగింది. లోయ మధ్యలో ఎక్కడో టంగుమని చప్పుడైంది. జరీ తీగ తెగి, మెరుస్తూ మెరుస్తూ లోయలోకి జారిపోయింది.

మంగి పసుపు తీగ మీద కాలు వేసి చూసింది. వేలాడిపోయింది. పోతే పోయింది, ఎర్రది ఉందిగా అనుకుని దాని మీద వేసింది. అదీ వేలాడిపోయింది. పరుగున గంగులు దగ్గరికి వెళ్ళింది.

"బావా, నీ తీగ పలకట్లేదు."

"మీ వైపే ఏదో ఉంటుంది మంగీ. ఒకసారి విప్పి మళ్ళీ కట్టుకో."

"విప్పాను, కట్టాను. పలకలేదు."

"అయితే కాసేపాగి ఇంకోసారి విప్పి కట్టు. నీకు కలిగిన ఇబ్బందికి నేను ఎంతో చింతిస్తున్నాను" అని, చింతిస్తూనే ఆవులించి గుహలోకి వెళ్ళిపోయాడు.

మంగి ఇంటికి పోలేదు. ఎర్ర తీగ పట్టుకుని దాని వెంటే నడిచింది. రాళ్ళ మీదుగా, బాట పక్కగా, పరికి ముళ్ళ పొదలోకి దూరింది తీగ. ఆ ముళ్ళలోకి మామూలుగా ఎవరూ వెళ్ళరు. మంగి ముంగిస కదా, దూరిపోయింది. పొద నడుమ ఎరుపు పలచబడింది. ఇంకాస్త ముందుకెళ్తే నారింజ. పొద దాటేసరికి అచ్చమైన జరీ! గంగులు పూసిన మోదుగపూల రసం అంతవరకే సరిపోయిందన్నమాట. ఆ జరీ తిన్నగా పోయి మద్ది చెట్టు మొదట్లో సాలమ్మ పెద్ద తీగకే ముడి పడి ఉంది. దాని పక్కనే ఆకుపచ్చగా ఇంకో ముడి. చిలక కొత్తగా అమ్ముతున్న పచ్చ తీగ, అదీ ఇక్కడిదే.

"చూశావా? అన్నీ ఆ తాను ముక్కలే" అంది పైనుంచి సాలమ్మ.

"నీకు తెలిసే జరిగిందా అత్తా?"

"దారం ఇచ్చిందే నేను. పూలు నువ్వు తెచ్చినా, నక్క తన వాటా ఉంచుకుని తెచ్చినా రాలేది నా వాకిట్లోనే. ఎవరి పేరున మోగితే నాకేమిటి, మోగేది నా తీగ."

"ఇప్పుడు మోగట్లేదుగా! మళ్ళీ ఎప్పుడు వేస్తావు?"

"కడుపులో దారం ఊరాలి. పున్నమి దాటాలి."

"గాలి పున్నమి దాకా ఆగుతుందా అత్తా?"

సాలమ్మ ఎనిమిది కాళ్ళూ ముడుచుకుంది.

మంగి వచ్చి అందరికీ చెప్పింది. ఎవరూ నమ్మలేదు. "కళ్ళకి కనబడుతూనే ఉందిగా అమ్మాయ్, ఒకటి పసుపు, ఒకటి ఎరుపు. రెండూ ఒకటెలా అవుతాయి?" అన్నాడు దున్న పెద్దయ్య. తోక తొక్కొచ్చినవాళ్ళకి తాము మోసపోయామని ఒప్పుకోవడం అంత తేలికా?

తీగ తెగిన నాలుగో రోజు పొద్దున్నే మంగి ఏటికి నీళ్ళకి వెళ్తే అక్కడ ఒక ముసలి కొండముచ్చు రొప్పుతూ కూర్చుని ఉంది.

"ఏమమ్మా, మీరంతా చచ్చారా బతికారా? రెండు రోజులు మీటాను, ఒక్కళ్ళూ బదులు మీటలేదు! అనుమానమొచ్చి మా వాణ్ణి కాపలా పెట్టి చుట్టూ తిరిగొచ్చాను."

"కొండ వెనకాల ఏమైనా ఉందా తాతా?"

"నేను బయల్దేరేసరికి లేదు. ఇప్పుడేముందో నాకేం తెలుసు?"

మంగి కళ్ళు మెరిశాయి. "తాతా, నీకు పుణ్యముంటుంది, గట్టు మీద ఆ పరికి పొద వెనకాల కాసేపు కూర్చో. నేను దగ్గితే బయటికి రా" అని చెప్పి, గట్టు మీద అందర్నీ పోగేసింది. గంగుల్ని మర్యాదగా రాయెక్కించింది.

"గంగులు బావా, సాలమ్మ తీగ తెగిపోయిందట. మరి నీది?"

"మాకూ ఆవిడకీ సంబంధమేమిటి? మాది భేషుగ్గా ఉంది."

"అయితే ఇవాళ కబురొచ్చే ఉంటుందే?"

"ఎందుకు రాదు! ఇటు వస్తూ వస్తూ తీగ మీద చెయ్యేసి చూశాను. ఆగి ఆగి మెల్లగా మీటాడు. అంతా క్షేమం. హాయిగా నిద్రపోండి."

"ఎవరు మీటారు బావా?"

"ఎవరేమిటి, కొండ మీద ఆ ముసలి కొండముచ్చు లేడూ? వాడి మీటు నాకు తెలీదా? ముసలాడు కదా, చెయ్యి కాస్త వణుకుతుంది."

మంగి దగ్గింది. పొద కదిలింది. ముసలి కొండముచ్చు బయటికొచ్చి తన చెయ్యి చాచి, అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"వణుకుతోందంటావా?" అంది.

అందరి తలలూ గంగులు వైపు తిరిగాయి. తర్వాత దున్న పెద్దయ్య గిట్టతో నేల గీరడం మొదలుపెట్టాడు. అది ఆయన జన్మలో ఎప్పుడూ చేసిన పని కాదు. గంగులు రాయి మీదనే రెండడుగులు వెనక్కి వేశాడు.

"తొందరపడకండి! నేను ఒక్క అబద్ధం చెప్పానా? స్వతంత్రం అన్నాను. స్వ అంటే సొంతం. తంత్రం అంటే ఉపాయం. ఉపాయం నా సొంతమే. తీగ సొంతమని ఎప్పుడైనా అన్నానా?"

ఇంత తెలివి ఇంకో పనికి పెట్టి ఉంటే ఎక్కడుండేవాడో అనిపిస్తుంది నాకు. కానీ అక్కడ ఎవరికీ నవ్వు రాలేదు. ఇప్పుడు వాళ్ళకి పసుపూ లేదు, ఎరుపూ లేదు, పచ్చా లేదు. కొండ వెనకాల ఏం జరుగుతోందో తెలిసే దారే లేదు. మంగి పిల్లలున్న పుట్ట వైపు చూసుకుంటూ, "నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి" అని ఏడ్చేసింది.

"మాదుంది" అంది ఒక గొంతు.

ఎవరో అర్థం కాలేదు. పరికి పొద కొమ్మ మీద ఆవగింజంత సాలీడు. దాని వెనక అలాంటివే లెక్కలేనన్ని. పొద నిండా బూజులాంటి గూళ్ళు. పొట్టెమ్మా, దాని జాతీ.

గంగులు పకపకా నవ్వాడు. "వీళ్ళదా! గట్టిగా తుమ్మితే లేచిపోతారు!"

పొట్టెమ్మ వాడి వంక చూడలేదు, మంగితో మాట్లాడింది. "మా గూళ్ళలో సాలమ్మ పోగు ఒక్కటి కూడా లేదక్కా. నిజంగా మావే. అయితే ఉన్నమాట చెబుతాను, మావి ఈ పొద దాటవు. ఇక్కడ నీటికి ఎవరొచ్చారో, ఎక్కడ పాముందో చెప్పగలం. లోయ అవతలి కబురు మా వల్ల కాదు."

"ఎందుకు కాదు?"

"ఒక్కొక్కరి దారం సన్నం. మీటితే పలకదు. పైగా ఇన్నాళ్ళూ ఒక గూటివాళ్ళం ఇంకో గూటికి ముడెయ్యలేదు. ఎవరి గూడు వాళ్ళదే అని పౌరుషం."

"సన్నదైతే పేనుకోవచ్చు కదా చెల్లీ? పది పోగులు పేనితే తాడు కాదూ? గూడు గూటికి కడితే మీ స్వతంత్రం ఎక్కడికీ పోదు, ఎవరి ముడి వాళ్ళు విప్పుకోవచ్చు. ఒకరి గుమ్మం ముందు ఒకరు పూలు పరవక్కర్లేదు."

చిన్న సాలీళ్ళు గుసగుసలాడుకున్నాయి. పొట్టెమ్మ అంది, "కట్టుకుంటాం. కానీ లోయ దాటాలంటే గాలి కావాలి. ఎండ ముదరనీ."

మిట్టమధ్యాహ్నమైంది. లోయలో రాళ్ళు కాలి, వేడిగాలి పైకి లేవడం మొదలైంది. చిన్న సాలీళ్ళు గట్టు అంచున గడ్డిపరకల కొసలెక్కాయి. ఒక్కో పరక మీద ఒక్కొక్కటి. కాళ్ళ మునివేళ్ళ మీద లేచి, పొట్ట ఆకాశానికెత్తి, గాల్లోకి దారం వదిలాయి. మొదట పొట్టెమ్మ లేచింది. పరక వదిలేసింది. అంతే, రెక్కలు లేని పురుగు ఎగిరిపోయింది!

దాని వెనక ఇంకొకటి. ఆ వెనక వంద. ఆ తర్వాత లెక్కపెట్టే ఓపిక ఎవరికుంది? లోయ మీద గాలి గాలంతా దారాలతో మెరిసింది. వెండి వాన కిందికి కాకుండా అడ్డంగా కురిసినట్టుంది. కొన్ని లోయలో పడ్డాయి, కొన్నిటిని గాలి వేరే దిక్కుకి లాక్కుపోయింది. మిగతావి ఆగలేదు. గట్టు మీద జింక, దున్న, ముంగిస, అందరూ నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. దున్న పెద్దయ్య మోకాళ్ళు వంచి నేల మీద కూర్చుండిపోయాడు. "ఇన్నాళ్ళూ వీళ్ళని తొక్కుకుంటూ తిరిగానే" అన్నాడు.

మద్ది చెట్టు మీద సాలమ్మ కూడా చూస్తోంది. "నేను ఒకే కొమ్మకి కట్టాను. వీళ్ళు దొరికిన ప్రతి కొమ్మకీ కడుతున్నారు. నాకు తోచలేదు" అంది చివరికి. అంత గర్విష్ఠి నోట అంత మాట!

పొద్దుగూకేలోపు అవతలి గట్టు మీద కొన్ని వేగిస చెట్లకి, కొన్ని వెదురు బొంగులకి, కొన్ని రాళ్ళకి, ఎక్కడ దిగినవి అక్కడ ముడేశాయి. ఇవతలి దారాలతో కలిపి పేనాయి. తాడుకీ తాడుకీ మధ్య అడ్డపోగులు వేసుకుంటూ ఇవతలికి తిరిగొచ్చాయి. దగ్గరికెళ్తే తప్ప కనబడని వల అది. సాలమ్మ తీగలా మెరవదు. కానీ అవతల కాపలా కొండముచ్చు మీటితే ఇవతల పలికింది.

మర్నాడు ఎండ నెత్తికెక్కాక అది పలకనే పలికింది. సాగదీసిన మోత, ఒక్కటే. నిప్పు!

మంగి పరిగెత్తింది. ఒక పిల్లని కరుచుకుని ఏటికి, మళ్ళీ వెనక్కి, ఇంకో పిల్ల, మళ్ళీ ఏటికి. మధ్యలో వల మోత తగ్గింది. అవతల ఒక వేగిస చెట్టు అంటుకుని దానికున్న తాళ్ళు మాడిపోయాయి. అయినా పక్క తాళ్ళు పలుకుతూనే ఉన్నాయి. వెదురు అంటుకుంది, రాళ్ళకి కట్టినవి పలికాయి. కొండ మీద కాపలావాడు ఇంక నిలబడలేక పారిపోయేదాకా ఆ మోత ఆగలేదు. అప్పటికి మంగి ఆఖరి పిల్ల ఏటి ఇసుకలో ఉంది. పొద మీదున్న చిన్న సాలీళ్ళన్నీ దున్న పెద్దయ్య వీపెక్కి నీళ్ళ మధ్యకి చేరాయి. సాలమ్మని అడగకుండానే పెద్దయ్య మద్ది చెట్టు కింద ఆగి కొమ్ము అందించాడు. ఆవిడ మాట్లాడకుండా ఎక్కింది.

లోయ లోయంతా పొయ్యిలా మండుతుంటే అందరూ మోకాటి లోతు నీళ్ళలో నిలబడి చూశారు. గట్టు మీది ప్రాణం ఒక్కటి కూడా తగ్గలేదు. మంగి పిల్లల్ని వాసన చూసుకుంటూ మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టుకుంది. ఇంత పెద్ద మంటని ఆవగింజలు గెలిచాయంటే నమ్మశక్యంగా లేదు దానికి. నాకూ లేదు.

వానలు పడి గట్టు పచ్చబడ్డాక వల మళ్ళీ లేచింది. ఈసారి సాలమ్మ కూడా ఒక జరీ తాడు పేని దానికి ముడేసింది, పూలేమీ అడగలేదు. అప్పుడొచ్చాడు గంగులు, తల వంచుకుని, నాలుగు కాళ్ళూ మోకాళ్ళ దాకా మోదుగ రంగు వదలక ఇంకా ఎర్రగా.

"పొట్టెమ్మా, బతుకుదెరువు పోయింది. నేనూ ఒక ముడి వేసుకుంటానమ్మా."

"వేసుకో అన్నా. ఎవరైనా వేసుకోవచ్చు. రెండే మాటలు. ముడి బాట పక్కన, అందరికీ కనబడేలా ఉండాలి. దారానికి రంగు పుయ్యకూడదు."

గంగులు తెల్లబోయాడు. "రంగు లేకపోతే అది అందరి తీగలాగే ఉంటుంది. ఇంక నా దగ్గర కట్టించుకునేదెవరు?"

"అది నిన్ను నువ్వే అడిగి చూసుకోవాలి బావా" అంది మంగి. అని, పిల్లల్ని వెంటేసుకుని చేపలకి ఏటి వైపు వెళ్ళిపోయింది. గంగులు తను తీగ దాచిన ముళ్ళ పొదకేసి ఒకసారి చూసి, ఏ ముడీ వేయకుండానే వెళ్ళిపోయాడు.

నీతి: ఎవరి పేరున మోగుతోందో కాదు, ఏ కొమ్మకి కట్టి ఉందో చూసుకున్నవాడే బతుకుతాడు.